మూడు అన్నం ముద్దలు

పాలడబ్బా మూత మీద మేకు నిలబెట్టి తిమ్మయ్య సుత్తితో ఒక దెబ్బ వేశాడు. చిల్లులోంచి చిక్కటి పాలు బొట్టుగా ఉబికాయి. డబ్బా కొన్న ముసలామె ఆ బొట్టును వేలితో తీసి నాక్కుంది.

"ఇల్లు సేరేలోగా సీమలు పట్టేస్తాయి సావుకారూ," అంది.

"నాను పెట్టిన సట్టం కాదమ్మా. సిల్లు లేని డబ్బా ఈ గుమ్మం దాటితే నా కొట్టుకి తాళం పడిపోద్ది."

చిల్లు పడ్డ డబ్బా రెండు రోజులకే పాడవుతుంది. పాడయ్యే సరుకు సర్కారు మీద తిరగబడి అడవిలో దాక్కున్నవాళ్ళకు పనికిరాదు. అందుకే ఆ చట్టం. కంచెలూ సోదాలూ మొదలై తొమ్మిదేళ్ళు నడుస్తున్నా సుంగై పెటాని దగ్గరి ఈ తోట వైపు ఆంక్షలు సడలలేదు. ఆగస్టు నెలాఖరుకు ఈ దేశానికీ స్వతంత్రం వస్తోందని గేటు స్తంభానికి కొత్త జెండా గుడ్డలు కట్టారు. స్తంభానికి చుట్టిన ముళ్ళకంచె మాత్రం అలాగే ఉంది. రెండో డివిజన్ కూలీలు పొద్దున పాలు గీయడానికి రబ్బరు చెట్లలోకి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర నడుముకు కట్టిన గుడ్డ కూడా విప్పి చూపించాలి. పిడికెడు అన్నం కూడా బయటకు పోకూడదు.

సరుకుల తనిఖీదారు నాగప్పన్ గల్లా పక్క ఎత్తుపీట మీద కూర్చుని, బెత్తంతో బియ్యం బస్తాలను ఒక్కొక్కటే తడుతున్నాడు. అతను తమిళుడు. తోటల్లో తిరిగి తిరిగి తెలుగు పట్టుకున్నాడు. మనిషి గట్టిగా మాట్లాడడు, ఎవరినీ తిట్టడు. అందుకే తిమ్మయ్యకు అతనంటే భయం ఎక్కువ. అరిచే అధికారి మనసులో ఏముందో అరుపులోనే తెలిసిపోతుంది. ఊరుకునేవాడి లెక్క అందదు.

"ఎన్న టౌకే, చెయ్యి వణుకుతోందా? మేకు పక్కకు పోయింది లా," అన్నాడు నాగప్పన్. కొట్టు యజమానిని టౌకే అనడమూ, మాట చివర లా అనడమూ ఇక్కడి అలవాటు.

"వయసు సార్."

"నా కంటే చిన్నవాడివి." నాగప్పన్ చిన్నగా నవ్వి, బెత్తం చంకలో పెట్టుకుని దిగిపోయాడు.

అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు లోపలికి వచ్చాడు కాంతయ్య మాస్టారు. తోట బడిలో చదువు చెప్తాడు. ఇక్కడి ఆంధ్ర సంఘానికి కార్యదర్శి కూడా. తిమ్మయ్య ఆ సంఘానికి అధ్యక్షుడు. భజనలకు బియ్యమూ, సభలకు బల్లలూ ఇచ్చేవాడు తనే కాబట్టి ఆ పదవి తనకు వచ్చిందని తిమ్మయ్యకు తెలుసు. దాని గురించి అతనికి గర్వమూ లేదు, ఫిర్యాదూ లేదు.

"స్వతంత్రం రోజుకి వేసే మెర్డెకా సంచిక రాతప్రతి," అని మాస్టారు కాగితాల కట్ట గల్లా మీద పెట్టాడు. "ఒక పక్క తెలుగు, ఎదురుపక్క ఇంగ్లీషు. వేడుక రోజున మొదటి ప్రతి జిల్లా అధికారి చేతికి ఇస్తాం. కింద చూడండి, ప్రచురించినవారు అని మీ పేరు."

తన పేరు చూసుకుని తిమ్మయ్య తలూపాడు. వేలు తడిచేసుకుని కాగితాలు తిప్పాడు. మన ప్రాంత చరిత్ర అనే భాగం దగ్గర ఆగాడు. తెలుగు చదవడం అతనికి నిదానం. పెదవులు కదుపుతూ చదివాడు.

"1951లో రెండో డివిజన్‌లో అడవి ముఠాకు అన్నం చేరవేసే పైడిరాజు అనే కూలీ గస్తీదళంతో జరిగిన పోరులో హతుడయ్యాడు. తక్కిన మన జనమంతా ప్రభుత్వానికి విధేయులుగా నిలిచారు."

"ఇది కూర్మమ్మ పెనిమిటి సంగతి కదా మాస్టారు?"

"అవును."

"గురువారం ఆవిడ పౌరసత్వం కాయితం విచారణకి వస్తంది. మంచి నడవడి అని సాక్ష్యం రాయమని నన్ను అడిగింది."

"రాస్తానన్నారా?"

"సూద్దాం అన్నాను."

చూద్దాం అనే మాటను తిమ్మయ్య సరుకులాగా వాడేవాడు. ఇవ్వడానికీ ఇవ్వకపోవడానికీ మధ్య ఎంతకాలమైనా నిలవుండే మాట అది. కానీ ఈ పుస్తకం జిల్లా అధికారి బల్ల మీదకు వెళ్తే, ఆమె దరఖాస్తు పక్కన ఈ వాక్యం కూర్చుంటుంది. అడవి ముఠా మనిషి పెళ్ళాన్ని ఈ దేశంలో ఉండనివ్వాలా, ఇండియా ఓడ ఎక్కించాలా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఈ తోట నుంచే అలా కొన్ని కుటుంబాలను ఎక్కించారు. కూర్మమ్మ ఇక్కడే పుట్టిన మనిషి. ఇండియాలో ఆమెకు తెలిసిన గడప ఒక్కటీ లేదు.

"ఈ ముక్క తీసెయ్యకూడదా?" అన్నాడు తిమ్మయ్య.

"నా సొంతమాట అయితే తీసేస్తాను. రెండు అచ్చు ఆధారాలున్నాయి. ఒకటి అప్పటి ఇంగ్లీషు పత్రిక. రెండోది తోట కంపెనీ ఏటా అచ్చువేసే నివేదిక. రెండూ ఒకే మాట చెప్తున్నాయి. పైగా అందరికీ తెలిసిన గొడవను మనం దాచామనుకోండి, ఎందుకు దాచారని అడుగుతారు." మాస్టారు గొంతు తగ్గించాడు. "నాకూ ఉద్యోగం ఉంది కదండీ. మనవాళ్ళు విధేయులు అన్న ముక్క గట్టిగా ఉండాలంటే ముందు ఈ ముక్క ఉండాలి."

తిమ్మయ్య కాగితాల కట్ట మాస్టారి వైపు జరిపాడు.

"నిజానికి మిమ్మల్ని ఒకదాన్నుంచి తప్పించాను. పత్రికలో ఆఖరున ఇంకో వాక్యం ఉంది. ఆ బియ్యం ఏ కొట్టు నుంచి వచ్చిందో విచారిస్తున్నారు అని. మనకెందుకులెమ్మని అది రాయలేదు."

రెండో డివిజన్ గేటు దగ్గర ఉన్న కొట్టు ఒకటే. ఆ కొట్టులోనే ఇద్దరూ నిలబడి ఉన్నారు. తిమ్మయ్య సుత్తిని బల్ల మీద పెట్టాడు. పెట్టిన చప్పుడుకు తనే ఉలిక్కిపడ్డాడు.

*

మర్నాడు మధ్యాహ్నం బడి వదిలాక తిమ్మయ్య మాస్టారి గదికి వెళ్ళాడు. తన కొట్టు పేరు పత్రికలో ఉందో లేదో కళ్ళారా చూసుకోవాలి. ఆ పూట అతనికి కూర్మమ్మ గుర్తులేదు. పైడిరాజూ గుర్తులేడు. రాత్రంతా ఆ ఒక్క వాక్యమే నెమరువేసుకున్నాడు. చట్టం ప్రకారం విచారణ ఏమీ లేకుండానే మనిషిని ఏళ్ళ తరబడి లోపల పెట్టొచ్చు. ఎవరికీ గుర్తులేని పాత వార్త ఒకటి కొత్త పుస్తకంతో మళ్ళీ లేస్తే, ఆగిపోయిన విచారణ కూడా దానితోబాటు లేస్తుంది.

మాస్టారు కుట్టిన పత్రికల బొత్తి దించి బల్ల మీద పరిచాడు. కర్పూరం వాసనా బొద్దింకల వాసనా కలిసి వచ్చాయి. తిమ్మయ్య అలవాటుకొద్దీ కాగితం అంచు వేళ్ళమధ్య నలిపి చూశాడు.

"పాతదే," అన్నాడు.

"సరుకు కాదండీ అది," అని మాస్టారు నవ్వాడు. "చదువుతాను, వినండి."

వేలు పెట్టి వరసగా తెలుగు చేస్తూ చదివాడు. "ప్రభుత్వ ప్రకటన. సుంగై పెటాని సమీపంలో ఒక తోట కంచె బయట నిన్న తెల్లవారుజామున ఇండియన్ కూలీ ఒకణ్ణి గస్తీదళం కాల్చివేసింది. వాగు వైపు నడుస్తున్న అతణ్ణి ఆగమని పదేపదే హెచ్చరించినా బదులు చెప్పలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. ఒంటి మీద తడిసిన పంచె ఒక్కటే ఉంది. ఆయుధం దొరకలేదు. అరటాకులో మూడు అన్నం ముద్దలు, వాటిలో కలిపిన నల్లటి చిన్న గింజలు, ఒక ఇత్తడి చెంబు దొరికాయి. ఇతడు తీవ్రవాదులకు ఆహారం చేరవేస్తున్నాడని భావిస్తున్నారు. బియ్యం ఏ కొట్టు నుంచి వచ్చిందో విచారిస్తున్నారు."

కొట్టు పేరు లేదు. తిమ్మయ్య ఊపిరి వదిలాడు. అప్పుడు ముందు వరస గుర్తొచ్చింది.

"గింజలంటే ఏ గింజలు మాస్టారు?"

"నల్లటివి, చిన్నవి. అంతే రాశారు."

మాస్టారు వేలు ఆ వరస మీదే ఉంది. కదల్లేదు. కాసేపటికి దాన్ని మెల్లగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. అరటాకు, మూడు ముద్దలు, నువ్వులు, తడిపంచె. మా నాన్నకు మొన్నటేడు నేనూ ఇలాగే పెట్టాను అని మాస్టారు అనబోయి, నోరు మూసుకున్నాడు.

"ఆ కంపెనీ పుస్తకం సదవండి," అన్నాడు తిమ్మయ్య.

"ఒక్క వాక్యమే. ముఠా సరఫరాదారు ఒకడు పోరులో హతుడయ్యాడు, పాలసేకరణకు అంతరాయం కలగలేదు. అడుగున ప్రభుత్వ ప్రకటన ఆధారం అని ఉంది."

"పత్రికవాడూ పెకటనే అన్నాడు."

"అవును."

"మరి రెండు ఆధారాలన్నారు? ఒక్క గిడ్డంగి సరుకు రెండు కొట్లలో అమ్మితే రెండు పంటలౌతాయేటి?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పత్రికలో ఆయుధం లేదన్నారు. పోరు ఎక్కడిది?" అన్నాడు తిమ్మయ్య.

"కంపెనీ కలిపింది."

"సేరవేస్తన్నాడని పత్రికవాడు ఖాయంగా అన్నాడా?"

"భావిస్తున్నారు అన్నాడు."

"మీ రాతలో ఆ భావించడం ఏటయిపోయింది?"

"పేజీ సరిపోలేదండీ," అన్నాడు మాస్టారు చిన్నగొంతుతో. తర్వాత తనలో తను అనుకున్నట్టుగా, "చూసినవాడు చూసింది చూసినట్టు రాశాడు. అదేమిటో వాడికి తెలీదు. తెలిసి ఉంటే ఆ గింజల మాట రాసేవాడే కాదు," అన్నాడు.

బయట ఎవరో సైకిలు గంట కొట్టారు. మాస్టారు గబుక్కున బొత్తి మూసేశాడు. బడి పిల్లవాడెవరో. అయినా బొత్తి మళ్ళీ తెరవలేదు.

తిమ్మయ్య పత్రిక తేదీని అరచేతి మీద రాయించుకుని ఇంటికి వచ్చాడు. పాత పంచాంగాలు అటక మీద ఉన్నాయి. సరుకు ఎప్పుడు కదులుతుందో అతను వాటినే చూసి లెక్కవేసుకుంటాడు. ఖర నామ సంవత్సరానిది దించమని భార్య నూకమ్మకు చెప్పాడు.

"ఇప్పుడు అదెందుకు? హేవిళంబి నడుస్తంటే?" అంది ఆమె దుమ్ము దులుపుతూ.

అతను తేదీ పట్టుకుని వరసలు వెతికాడు. పత్రిక తేదీకి ముందురోజు. భాద్రపద బహుళ అమావాస్య.

"పెద్దల అమాస," అంది నూకమ్మ భుజం మీంచి తొంగిచూసి. "ఏటి, మొకం అలాగైపోనాది?"

ఏడాదంతా మూలనుండే నువ్వుల డబ్బా ఖాళీ అయ్యేది ఆ ఒక్క పక్షంలోనే. పైడిరాజు తీసుకున్న నువ్వులు ఈ డబ్బావే. ఆకులో కట్టి ఇచ్చిన చెయ్యి తనదో, నూకమ్మదో.

"కూర్మమ్మ అప్పుడే సెప్పినాది," అన్నాడు. "వాగు ఒడ్డున అయ్యకి పెట్టడానికెళ్ళినాడని నెత్తీ నోరూ కొట్టుకున్నాది."

"సెప్పినాది. మనం విన్నాం కదా."

"విన్నాం. పెళ్ళాం మాట, మొగుడికోసం ఎలాగైనా సెప్తాదనుకున్నాం. ఆ పేపరోడికి మన పైడిరాజు మీద కోపం ఏటుంటది, ఆడెందుకు అబద్ధం రాస్తాడనుకున్నాను."

"ఆడు అబద్ధం రాసినాడేటి?"

తిమ్మయ్య పంచాంగం మూశాడు. వాడు అబద్ధం రాయలేదు. అదే భయంగా ఉంది. అబద్ధమైతే పక్కన పడెయ్యొచ్చు. నిజాలు ఏరి తెచ్చి, ఆఖర్న కూడిక తప్పు వేశాడు. ఇప్పుడు ఆ కూడిక తప్పని ఎవరు చెప్పాలి? చెప్పినవాణ్ణి, అయితే ఆ నువ్వులు ఎవరిచ్చారని అడుగుతారు.

*

ఆలోచించి ఒక దారి ఖాయం చేసుకున్నాడు. ఆ ముక్క మొత్తం తీసేయడం. పైడిరాజు పేరే పుస్తకంలో ఉండకపోతే కూర్మమ్మకు మంచిది, తనకు మంచిది, మాస్టారికీ మంచిది. ముగ్గురికీ నష్టంలేని బేరం. ఆ మాట ఆమెకు చెప్పి, కాస్త కృతజ్ఞతా తీసుకుందామనుకున్నాడు.

పని ముగించుకుని, రబ్బరు పాల పులుపు వాసనతోనే వచ్చింది కూర్మమ్మ. చేతివేళ్ళ సందుల్లో ఎండిన పాలు తొక్కలుగా ఊడుతున్నాయి. ఆమె కొట్టు గుమ్మం లోపలికి రాదు. బస్తాల పక్కన నిలబడి మాట్లాడుతుంది.

"సావుకారు బావూ, సాక్ష్యం మాట ఏటయింది?"

తిమ్మయ్య వీధి అటూ ఇటూ చూశాడు. "సెప్తాను, ఇలాగ రా. సంఘం పుస్తకంలో నీ మొగుడి మాట ఉందని తెలిసింది కదా? తీయించేస్తన్నాను. పేరే ఉండదు."

ఆమె వేలి మీద తొక్క ఊడదీసుకుంటోంది.

"ఏటి, ఇనిపించిందా?"

"ఇనిపించింది. ఆ పేపరోడిది కూడా తీయించేస్తారా?"

"అదెలాగ తీస్తాం? అది అచ్చయిపోయింది."

"అయితే ఆ అచ్చు అలాగే ఉంటది. దొర బల్ల మీద అదే ఉంటది. దాని పక్కన మనోల్ల మాట ఏదీ ఉండదు." ఆమె తలెత్తింది. "గురువారం నన్ను అడుగుతారు, నీ మొగుడు ఎలాగ సచ్చినాడూ అని. నాను సెప్తే పెళ్ళాం మాటంటారు. మీరూ అలాగే అన్నారు కదేటి."

తిమ్మయ్య ముఖం దించుకున్నాడు.

"పేపర్లో ఏటుందో నాకెవులూ సదివి సెప్పలేదు బావూ. ఆడి సంగతి ఉందన్నారు, తప్పు మనిషి అన్నారు. అంతే. మీకు తెలిస్తే సెప్పండి."

అతను చెప్పాడు. మాస్టారు చదివిన వరసలోనే, కలపకుండా, తీసేయకుండా. సరుకుల పట్టీ వినిపించినట్టు వినిపించాడు. పిలిచినా తిరగలేదు అన్నచోట ఆమె, "పెట్టినదాకా మాటాడకూడదు కదా. ఎనక్కి సూడకూడదని ఆడి అమ్మ సెప్పినాది," అంది. మూడు ముద్దలు అన్నచోట ఆమె వేళ్ళు మడిచింది.

"అయ్యకొకటి, తాతకొకటి, ముత్తాతకొకటి. నానే సేసినాను. నా వాటా బియ్యంలోనే మిగిల్సినాను. కంచె లోపలే పెట్టు, అందరూ అలాగే పెడతన్నారు, కాకులు లోపలికీ వస్తాయంటే ఇన్నాడు కాదు. పారే నీళ్ళ కాడ పెడితేనే అందుతాదన్నాడు." ఆగింది. "సెంబు మాట రాసినారా?"

"రాసినారు. ఇత్తడి సెంబు."

"అది ఎక్కడుందో రాసినారా?"

"లేదు."

"మా అత్త ఊరినించి తెచ్చిన సెంబు అది. తిరిగియ్యలేదు." ఆమె పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. "తీయించొద్దు బావూ. ఆళ్ళు సూసిందే యెయ్యండి. ఆడి సేతిలో ఏటున్నాదో యెయ్యండి. మనోడెవుడు సదివినా తెలుసుకుంటాడు. అది తీసేస్తే ఈ దేశంలో ఆడి గురించి ఉన్న ఒక్క అచ్చుముక్కా ఆడ్ని దొంగనే అంటది."

"నీకు బయం లేదేటే?"

"నాకా? ఒల్లంతా బయమే," అంది కూర్మమ్మ. చేతులు చాపి చూపించింది. నిజంగానే వణుకుతున్నాయి.

*

కాంతయ్య మాస్టారు కొత్త పుట రాసుకొచ్చాడు. హతుడు, పోరు, విధేయులు అన్న మాటలన్నీ పోయాయి. "పైడిరాజు గురించి ఆనాటి పత్రికలో ఇలా వచ్చింది" అని ఒక వరస, దాని కింద ప్రకటన మొత్తం, ఎదురుపక్క ఇంగ్లీషు ఉన్నది ఉన్నట్టు. సంచికలో ప్రతి తేదీ పక్కనా తిథి వేయడం సంఘం ఆనవాయితీ. గుడి కట్టిన రోజుకీ, బడి తెరిచిన రోజుకీ వేసినట్టే దీనికీ వేశాడు. ఖర నామ సంవత్సర భాద్రపద బహుళ అమావాస్య.

"మనం ఒక్క మాట కూడా అనలేదు," అన్నాడు మాస్టారు. "ప్రతి అక్షరం సర్కారుదే. పంచాంగం మాత్రం దేవుడిది."

తిమ్మయ్య మెచ్చుకోలుగా తలూపుతూ చదివాడు. ఆఖరికి వచ్చాక వేలు ఆగింది. బియ్యం ఏ కొట్టు నుంచి వచ్చిందో విచారిస్తున్నారు.

"ఈ వాక్యం మొన్న వదిలేసినారు కదా మాస్టారు. ఇప్పుడూ వదిలేద్దురూ."

"మొన్న నా మాటల్లో రాశాను, వదిలేశాను. ఇప్పుడు వాళ్ళ మాటలని చెప్తున్నాం. ఒక్క వాక్యం తగ్గినా, మనకు కావలసింది కోసుకున్నామంటారు. తక్కినది కూడా అప్పుడు నిలవదు." మాస్టారు ఇబ్బందిగా గల్లా వైపు చూశాడు. "అదీగాక, అచ్చుకు ముందు ఠాణాలో చూపించాలి. వాళ్ళ దగ్గర అసలుది ఉంటుంది. పక్కపక్కన పెట్టి చూస్తారు."

తిమ్మయ్య లెక్క వేసుకున్నాడు. ఒకవైపు కొట్టు, లైసెన్సు, నూకమ్మ, తను. ఇంకోవైపు అరటాకులో మూడు ముద్దలు. ఎన్నిసార్లు వేసినా కొట్టు వైపే మొగ్గింది. కోసెయ్యి అని చెప్పడానికి నోరు తెరిచాడు. కూర్మమ్మ చాపిన చేతులు కళ్ళముందు ఉన్నాయి. తన లెక్కలో ఆ చేతులను ఎటువైపు వేయాలో అతనికి తెలియలేదు.

"ఉండనీండి," అన్నాడు.

అన్నాక మంచినీళ్ళు అడిగి తెప్పించుకున్నాడు. సగం చొక్కా మీదే పోయాయి.

*

బుధవారం ఉదయం నాగప్పన్ వచ్చాడు. బెత్తం తేలేదు. చేతిలో మడిచిన కాగితం ఉంది. తోట వైపు దరఖాస్తులన్నిటి మీదా మనిషి ఎలాంటివాడో ఒక మాట రాసి పంపేది అతనే. కొట్టులో ఇద్దరు ఆడవాళ్ళు ఉంటే, వాళ్ళు కారం కొనడం మానేసి వెళ్ళిపోయారు. నూకమ్మ లోపలి తలుపు సందులో నిలబడింది.

నాగప్పన్ ఎత్తుపీట మీద కూర్చుని కాగితం విప్పాడు. సంచిక పుట అది.

"ఠాణాలో నా చేతికి ఇచ్చారు. నీ ఏరియా, నువ్వే చూడు అన్నారు. ఎవరు రాశారు ఇది?"

"సర్కారే సార్. మేం రాసింది ఏదీ లేదు."

"తెలుసు. అసలుది చూశాను. మాట మారలేదు." నాగప్పన్ మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషు వైపు చదువుతున్నాడు. తిమ్మయ్య మేకునీ సుత్తినీ చేతిలోకి తీసుకుని, చిల్లు పొడవడానికి డబ్బా ఏదీ లేక మళ్ళీ కింద పెట్టాడు. నాగప్పన్ కళ్ళు వరస చివరికి వెళ్ళి మొదటికి వచ్చాయి. ఇంకోసారి వెళ్ళాయి. తర్వాత అతను తెలుగు వైపు వేలు పెట్టాడు.

"నాకు మీ అక్షరం రాదు. తేదీ పక్కన ఇదేంటి?"

"తిథి సార్. సంఘం పుస్తకంలో అన్నిటికీ యేస్తాం. అలవాటు."

"ఏ తిథి?"

తెలియదని అనొచ్చు. మాస్టారినడగండి అనొచ్చు. చూద్దాం అనొచ్చు.

"బాద్రపద అమాస సార్," అన్నాడు తిమ్మయ్య. "మీరు మాలయ అమావాసై అంటారు."

నాగప్పన్ కాగితం మీంచి తల ఎత్తలేదు. అతను జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"మూణు ఉరుండై," అన్నాడు తమిళంలో, తనలో తను. "ఎళ్ళు పోట్టు." మూడు ముద్దలు, నువ్వులు వేసి. ఆ మాటలు పైకి అన్నాక అతని ముఖం మారింది. అధికారి ముఖం పోయి ఎవరి కొడుకు ముఖమో వచ్చింది. అంతలోనే మళ్ళీ పాత ముఖం పెట్టుకున్నాడు.

"ఆఖరి వాక్యం చూశావా టౌకే?"

"సూసినాను."

"ఏ కొట్టు అని విచారణ అన్నారు. ఆ ఫైలు మూసేశారో లేదో నాకు తెలీదు లా. ఎవరూ మూయకపోతే తెరిచే ఉంటుంది." నాగప్పన్ నేరుగా చూశాడు. "ఆ గేటు దగ్గర నువ్వులు అమ్మే కొట్టు ఏది?"

తలుపు సందులో నూకమ్మ గాజులు చప్పుడయ్యాయి. తిమ్మయ్య రెండు చేతులూ గల్లా మీద ఆనించాడు.

"నాదే సార్. బియ్యం ఆళ్ళ వాటాలోది. నువ్వులు మాత్రం నావే."

నాగప్పన్ చాలాసేపు ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం ఏ వైపుదో తిమ్మయ్యకు అందలేదు. చివరికి అతను జేబులోంచి కలం తీసి, పుట అంచున చిన్నగా సంతకం చేసి, కాగితం మడిచి గల్లా మీదకు తోశాడు.

"వేసుకోండి. ఏమీ మార్చొద్దు. కోయొద్దు, కలపొద్దు." లేచి నిలబడ్డాడు. "రేపు కూర్మమ్మను తొమ్మిదింటికే రమ్మను. సాక్షివి నువ్వు కూడా రావాలి. పైన ఒప్పుకుంటారో లేదో నేను చెప్పలేను. నా మాట నేను రాస్తాను."

"అలాగే సార్."

గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు నాగప్పన్. వెనక్కి తిరిగి సరుకుల అరల వైపు చూశాడు.

"వచ్చే నెల అమావాసైకి ఎళ్ళు వచ్చిందా?"

ఇది విచారణా, బేరమా? తిమ్మయ్య డబ్బా మూత మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆలోచించాడు.

"కొత్తది ఇంకా రాలేదు సార్. పాతది కొంచెం ఉంది."

"పాతదైనా చాలు. మా అప్పాకి. కట్టు."

తిమ్మయ్య తక్కెడ ఎత్తాడు. గుప్పెడు నువ్వులు పళ్ళెంలో పోశాడు. చేతి వణుకుకు పళ్ళాలు రెండూ పైకీ కిందికీ కొట్టుకున్నాయి. గింజలు కొన్ని గల్లా మీద రాలాయి. అతను రెండో చేత్తో మణికట్టు పట్టుకుని ఆపబోయాడు. ఆగలేదు.

నాగప్పన్ గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి వచ్చాడు. తొందరపెట్టలేదు. తూకం నిలిచేదాకా అలాగే నిలబడ్డాడు.